పెద్దల బడి: పేరు రాయించే ముందు, రాయించాక

తునికాకు కట్టకు యాభై ఆకులు. వెయ్యి కట్టలైతే ఒక ప్రామాణిక సంచి. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం సంచికి 4,000 రూపాయలున్న ధరను 2024లో 5,500 చేసింది. అంటే కట్టకు అయిదున్నర. తెల్లవారకముందే లేచి అడవికి పోయి, ఎండెక్కేదాకా కోసి, ఇంటికొచ్చి కట్టలు కట్టి కల్లానికి మోసుకెళ్లిన మనిషి డెబ్బై కట్టలు అప్పజెప్పితే 385 రూపాయలు రావాలి. కల్లం దగ్గర కార్డులో డెబ్బై అని రాశారా, అరవై అని రాశారా? అక్కడికక్కడే చూసి "ఇదేంటి?" అని అడగగలిగేవాళ్లు ఆ వరుసలో ఎంతమంది?

బీజాపూర్ జిల్లా విషయంలో జనాభా లెక్కలు దీనికి దగ్గరి జవాబే ఇచ్చాయి. 2011లో ఇక్కడ అక్షరాస్యత 40.86 శాతం. దేశంలోని జిల్లాలన్నిటిలో ఇంతకన్నా కింద ఉన్నది మధ్యప్రదేశ్‌లోని అలీరాజ్‌పుర్ ఒక్కటే. అప్పటికి ఛత్తీస్‌గఢ్ సగటు 70.28. బీజాపూర్ మగవాళ్లలో సగం మంది చదవగలరు, ఆడవాళ్లలో మూడో వంతు కూడా లేరు. ఏడేళ్లు నిండి, ఏ భాషలోనైనా సరే అర్థం చేసుకుంటూ చదవగలిగి, రాయగలిగితే జనాభా లెక్కల్లో అక్షరాస్యులే. ఆ చిన్న గీటు కూడా దాటనివాళ్ల లెక్క ఇది.

పెద్దల బడి అనగానే చాలామంది కళ్లముందు పలక పట్టుకున్న పండు ముసలి బొమ్మ కదులుతుంది. బీజాపూర్‌లో ఆ బొమ్మ తప్పు. 2005 జూన్‌లో కుట్రూ ప్రాంతంలో, మావోయిస్టులకు ఎదురుగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం అనే ఉద్యమం మొదలైంది. ఊళ్లు ఖాళీ అయ్యాయి. జనం కొందరు రోడ్డు పక్క శిబిరాలకు చేరారు, కొందరు అడవి లోపలికి పోయారు, కొందరు సరిహద్దు దాటి ఖమ్మం జిల్లా అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. బళ్లలో కొన్ని భద్రతా బలగాల మకాములయ్యాయి, కొన్నిటిని మావోయిస్టులు కూల్చేశారు, చాలావాటికి తాళాలు పడ్డాయి. 2007లో దంతెవాడ నుంచి విడదీసి బీజాపూర్‌ను జిల్లా చేసేనాటికే ఒక తరం చదువు మధ్యలో ఆగిపోయింది. సల్వాజుడుంను ఆపాలని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది 2011 జూలై 5న. 2005లో ఆరేళ్ల పిల్లకు 2025లో ఇరవై ఆరు. ఇద్దరు ముగ్గురు పిల్లల తల్లి అయి ఉంటుంది. ఆమెకు చదువు రాలేదని ఎవరైనా అంటే సరిదిద్దాలి: ఆమెకు బడి అందలేదు.

అందుకే తొంభై ఏళ్ల విద్యార్థుల కథలు ఇక్కడ కాస్త జాగ్రత్తగా చెప్పాలి. కేరళ అలప్పుళ జిల్లాలో కార్త్యాయని అమ్మ 2018లో, తొంభై ఆరేళ్ల వయసులో, అక్షరలక్షం పరీక్షలో వందకు 98 తెచ్చుకున్నారు. 2020లో రాష్ట్రపతి చేతుల మీదుగా నారీశక్తి పురస్కారం అందుకున్నారు. కెన్యాలో కిమానీ మరూగే 2004లో ఎనభై నాలుగేళ్లకు ఒకటో తరగతిలో చేరాడు. ప్రాథమిక విద్య ఉచితం అన్న ప్రకటన విని, తనకూ వర్తిస్తుంది కదా అని బడి గేటు దగ్గరికి వెళ్లాడు. ఇద్దరూ గొప్పవాళ్లే, సందేహం లేదు. కానీ ఈ కథలే పదేపదే వింటే, పెద్దల చదువు అంటే చివరి వయసులో తీర్చుకునే ముచ్చట అనిపిస్తుంది. ముప్పై ఏళ్ల కూలి మనిషికి అది ముచ్చట కాదు, కూలి డబ్బు.

ఈ అధ్యాయం చదువుతున్నవాళ్లకు పెద్దల బడి అక్కర్లేదన్నది తెలిసిందే. అవసరం ఉన్న మనిషి వాళ్లింట్లోనో పక్కింట్లోనో ఉంటుంది: అమ్మ, అత్త, మేనమామ, పొలంలో కలిసి పనిచేసే వదిన. పేరు రాయించే పనిలో మొదటి అడుగు మామూలుగా చదువొచ్చిన బంధువే వేస్తాడు. కాబట్టి ఇక్కడి మాటలు ఆ బంధువుకు.

ఇప్పుడు నడుస్తున్న పథకం పేరు ఉల్లాస్, నవభారత సాక్షరతా కార్యక్రమం. 2022-27 కాలానికి కేంద్రం దీనికి 1,037.90 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఏటా కోటి మంది చొప్పున అయిదు కోట్ల మందికి అక్షరాలు, అంకెలు నేర్పాలన్నది లక్ష్యం. పదిహేనేళ్లు నిండి, చదవడం రాయడం రాని ఎవరైనా చేరవచ్చు. ఫీజు లేదు. ఊళ్లోని బడే దీనికి కేంద్రం, కాబట్టి వెళ్లాల్సింది జిల్లా ఆఫీసుకు కాదు, ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరు దగ్గరికి. సర్వే చేసే టీచరు నేర్చుకునే మనిషి పేరు, నేర్పే వలంటీరు పేరు ఉల్లాస్ యాప్‌లో ఎక్కించి ఇద్దరినీ జత చేస్తారు. ఫోను తెలిసినవాళ్లు తామే నమోదు చేసుకోవచ్చు కూడా.

పేరు రాయించేటప్పుడు ఒక చిన్న పని మరవకూడదు. ఆధార్‌లో, రేషన్ కార్డులో, బ్యాంకు పాస్‌బుక్‌లో పేరు ఒకేలా ఉందా చూడాలి. గోండి, దోర్లీ పేర్లను హిందీలో రాసే గుమాస్తా ఒక్కో కాగితంలో ఒక్కో రకంగా రాసి ఉంటాడు. రేపు వచ్చే సర్టిఫికెట్ మీద మూడో రకం పేరు పడితే, చదువుకున్నాక కూడా ఆఫీసు చుట్టూ తిరగక తప్పదు.

వలంటీరుకు జీతం లేదు. పదో తరగతి పిల్లవాడు కావచ్చు, అంగన్‌వాడీ కార్యకర్త కావచ్చు, ఇంటి కోడలు కావచ్చు. పదిమందికి నేర్పిన బోర్డు పరీక్షల విద్యార్థులకు బోనస్ మార్కులిచ్చే ఏర్పాటు ఛత్తీస్‌గఢ్ చేసింది. మంచిదే, కానీ మార్కుల కోసం వచ్చే కుర్రాడు పరీక్ష అయిన మర్నాడు కనిపించకపోవచ్చు. ఆడవాళ్లు ఎక్కువగా చేరే ఈ బడికి పొద్దుగూకాక వెళ్లాలంటే దారి భయం, ఇంటి పని, మగవాళ్ల గొణుగుడు అన్నీ అడ్డమే. వీలైతే అదే గూడెంలోని ఆడపిల్లనే వలంటీరుగా అడగడం మేలు. తరగతి ఎక్కడ, ఏ వేళ అన్నది నేర్చుకునేవాళ్ల వీలును బట్టి పెట్టుకోవచ్చు. బడి గదిలోనే జరగాలని లేదు, వేపచెట్టు కింద అరుగైనా చాలు.

చేరాల్సిన కాలం గురించి ఎవరూ చెప్పరు గానీ, బీజాపూర్‌లో సగం చదువులు ఆగేది అక్కడే. పరీక్ష సాధారణంగా ఏడాదికి రెండుసార్లు, మార్చిలో ఒకటి, సెప్టెంబరులో ఒకటి. రాష్ట్రాన్ని బట్టి తేదీలు జరుగుతుంటాయి. 2024 మార్చి 17న దేశవ్యాప్తంగా ఒక విడత జరిగింది. మార్చి అంటే ఇక్కడ ఇప్పపువ్వు రాలే కాలం. తెల్లవారుజామున చెట్టు కింద ఉండకపోతే పశువులు తినేస్తాయి. అదే నెలలో ఎంతోమంది సరిహద్దు అవతల ములుగు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో మిర్చి ఏరుతుంటారు. ఆ వెంటనే తునికాకు. జనవరిలో ఉత్సాహంగా పేరు రాయించుకుంటే ఫిబ్రవరికి ట్రాక్టరెక్కి వాజేడు, వెంకటాపురం వైపు వెళ్లిపోతారు. తిరిగొచ్చేసరికి అక్షరాలు జారిపోతాయి, సిగ్గు మాత్రం మిగులుతుంది.

అందువల్ల ఇక్కడివాళ్లకు సరైన కాలం వానలు. నాట్లు పడ్డాక జూలై చివరి నుంచి వరికోత దాకా మనిషి ఊళ్లోనే ఉంటాడు. అప్పుడు మొదలుపెట్టి, సెప్టెంబరు విడత అందకపోయినా కంగారు పడకుండా, చలికాలంలో ఇంకో రెండు నెలలు కూర్చుంటే వలస వెళ్లేనాటికి చదువు నిలుస్తుంది. మార్చి పరీక్షకు నేర్చుకునే మనిషి ఆ ఒక్కరోజు ఊళ్లో ఉండేలా ముందే అనుకోవాలి. మిర్చి మేస్త్రీతో అడ్వాన్సు మాట్లాడేటప్పుడే ఈ సంగతీ తేల్చుకోవడం మంచిది.

ఇక భాష. భోపాలపట్నం వైపు చాలా ఇళ్లలో తెలుగు. ఉసూర్ వైపు దోర్లీ. మిగతా జిల్లాలో ఎక్కువగా గోండి. సంతలో హల్బీ. ఆఫీసులో హిందీ. కొండ మీద చుట్టాలు ఒక మాట, ఏటి అవతల చుట్టాలు ఇంకో మాట. ఇన్ని భాషల మధ్య పెద్దమనిషి ఏ అక్షరాలు నేర్చుకోవాలి?

అభిమానంతో తేల్చే ప్రశ్న కాదిది. ఇంటికి వచ్చే కాగితాలన్నీ నేల మీద పరిచి చూడాలి. రేషన్ కార్డు, తునికాకు కార్డు, అటవీ హక్కుల పట్టా, ఆస్పత్రి చీటీ, బస్సు బోర్డు ఏ లిపిలో ఉన్నాయి? బీజాపూర్‌లోనే బతికే మనిషికి అవి దేవనాగరిలో ఉంటాయి. కాబట్టి భోపాలపట్నం తెలుగింటి ఆడమనిషి కూడా ముందు హిందీ అక్షరాలు పట్టడమే తెలివైన పని. సరిహద్దు దాటి చర్ల, ఏటూరునాగారం వైపు స్థిరపడిన కుటుంబమైతే మారుమాట లేకుండా తెలుగు. అయితే లిపి ఏదైనా, నేర్పే మాట మాత్రం ఇంటి మాటే కావాలి. హిందీ రాని గోండి తల్లికి హిందీలోనే అర్థాలు చెబుతూ అక్షరాలు దిద్దిస్తే ఆమెకు రెండు తెలియనివాటిని ఒకేసారి మోపినట్టు. వలంటీరును ఎంచుకునేటప్పుడు డిగ్రీ కన్నా ముందు చూడాల్సింది ఇదే.

అక్షరాల కన్నా ముందు అంకెలతో మొదలుపెట్టమని అడగడం ఇంకా మంచి ఉపాయం. అంకెలకు ఎల్లలు లేవు. బీజాపూర్ పాస్‌బుక్‌లో ఉన్న 385నే ఏటూరునాగారం కూలి చీటీలోనూ రాస్తారు. పైగా సంతలో తిరిగిన మనిషికి లెక్క వచ్చు. నోట్లను రంగు చూసి, చిల్లరను బరువు చూసి గుర్తుపట్టే మనిషికి కూడికలు కొత్త కాదు, వాటి గీతలు మాత్రమే కొత్త. రెండో వారానికే ఫోనులో కొడుకు నంబరు తానే నొక్కగలిగితే, మూడో వారం తరగతికి ఎవరూ పిలవక్కర్లేదు.

కళ్ల సంగతి ఎవరికీ తట్టదు. నలభై దాటాక చత్వారం వస్తుంది. దూరంగా చెట్టు మీది పిట్ట కనిపిస్తుంది, చేతిలోని పుస్తకం అలుక్కుపోతుంది. అలాంటి మనిషి తరగతిలో నాలుగు రోజులు కూర్చుని "నా బుర్రకు ఎక్కదు" అని లేచిపోతుంది. బుర్రకు ఏమీ కాలేదు, కంటికి అద్దాలు కావాలి. పేరు రాయించిన వారంలోనే దగ్గరి ఆరోగ్య కేంద్రంలో కళ్లు చూపించాలి. పెద్దక్షరాల కాగితం, పగటి వెలుతురు, కళ్లద్దాలు: ఈ మూడూ లేక ఆగిన చదువులు బోలెడు.

ఏం చదవాలి అన్నదానికి నెల్లూరు జిల్లా మంచి పాఠం చెబుతుంది. 1991లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. రాత్రి బళ్లలో ఆడవాళ్లు చదివిన వాచకాల్లో సారా గురించి, దానివల్ల కూలిన సంసారాల గురించి పాఠాలున్నాయి. చదివినవాళ్లు ఆ పాఠంలో తమ ఇంటినే చూసుకున్నారు. 1992లో దూబగుంటలో రోశమ్మ ముందుండి సారా కొట్టు మూయించారు. ఆ మాట ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చింది. ఆ ఆడవాళ్లంతా పుస్తకం చివరిదాకా చదివారా అంటే లేదనే చెప్పాలి. కానీ వాచకంలో వాళ్ల బతుకు ఉంది కాబట్టే బడికి వచ్చారు, అక్కడే కూడి మాట్లాడుకున్నారు.

బీజాపూర్ వాచకం ఇంట్లోనే ఉంది. మహతారీ వందన్ కింద 2024 మార్చి నుంచి పెళ్లయిన ఆడవాళ్ల ఖాతాలో నెలకు వెయ్యి రూపాయలు పడుతున్నాయి. ఆ డబ్బు తీయడానికి ఊళ్లో వేలిముద్ర యంత్రం దగ్గరికి వెళ్తారు. వేలు పెడతారు, యంత్రం కూస్తుంది, చీటీ వస్తుంది. తీసింది ఎంత, మిగిలింది ఎంత అని ఆ చీటీలో రాసి ఉంటుంది. చీటీ అడిగి తీసుకోవాలని, అందులో ఏ గీత ఎక్కడ చూడాలో తెలిసుండాలని ఎవరైనా నేర్పారా? వలంటీరు మొదటి నెల పాఠాలుగా ఆ చీటీని, తునికాకు కార్డును, మందుబిళ్లల అట్ట మీది తేదీని, జాబ్ కార్డులోని పనిదినాలను తీసుకుంటే ప్రభుత్వ వాచకం తర్వాత దానంతటదే తేలికవుతుంది.

సంతకం దగ్గర మాత్రం ఆగొద్దు. గతంలో ఎన్నో ఊళ్లలో పేరు గీయడం వచ్చిన మనిషిని అక్షరాస్యుల జాబితాలో కలిపేశారు. సంతకం నేర్చి చదవడం రాని మనిషికి వేలిముద్ర కన్నా ప్రమాదం ఎక్కువ. వేలిముద్ర వేసేవాడికి కాగితం చదివి వినిపించాలన్న మర్యాద కొంతైనా ఉంటుంది. సంతకం చేసేవాడు చదువుకునే చేశాడని అందరూ అనుకుంటారు, కోర్టుతో సహా.

పరీక్ష గురించి భయం అక్కర్లేదు. మొత్తం 150 మార్కులు: చదవడానికి 50, రాయడానికి 50, లెక్కలకు 50. ముప్పై మూడు శాతం వస్తే చాలు. ఒక భాగంలో తగ్గితే తప్పారని ముద్ర వేయరు, ఇంకొంచెం మెరుగుపడాలని రాసి తర్వాతి విడతకు రమ్మంటారు. నెగ్గినవాళ్లకు జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అదే ఎన్‌ఐఓఎస్, సర్టిఫికెట్ ఇస్తుంది.

ఆ కాగితం చేతికొచ్చాక చాలామంది ఆగిపోతారు. ఆరు నెలలు ఏమీ చదవకపోతే అక్షరాలు మళ్లీ పోతాయి. బీజాపూర్ లోతట్టు ఊళ్లలో చదవడానికి గోడ మీద రాతలు తప్ప ఏముంటాయి? అందుకే ముందున్న మెట్టు అప్పుడే చూపించాలి. అదే ఎన్‌ఐఓఎస్ పెద్దలకోసం మూడు స్థాయిల ప్రాథమిక విద్య నడుపుతోంది: మొదటిది మూడో తరగతికి సమానం, రెండోది అయిదుకు, మూడోది ఎనిమిదికి. పద్నాలుగేళ్లు నిండితే చాలు. ఆ తర్వాత ఓపెన్ స్కూల్ పదో తరగతి. ఇరవై ఆరేళ్ల మనిషికి ఇది దూరమేమీ కాదు.

దూరం కాదనడానికి తెలుగువాళ్లకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ కన్నా సాక్ష్యం ఎవరు కావాలి? ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో జైలుకెళ్లి, బయటికొచ్చాక బనారస్ మెట్రిక్‌కు కూర్చున్నారామె. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో డిగ్రీలు, మద్రాసులో న్యాయవిద్య తర్వాత వచ్చాయి. తాను నడిచిన దారినే ఇతరులకూ వేశారు: మద్రాసులోని ఆంధ్ర మహిళా సభలో చదువు ఆగిన ఆడవాళ్లకు బనారస్ మెట్రిక్ తర్ఫీదు ఇచ్చారు. ఆమె నడిపిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి 1958లో ఆ పద్ధతినే సంక్షిప్త కోర్సుల పేరిట దేశమంతటికీ తీసుకెళ్లింది. పెద్దవాళ్లు చిన్నపిల్లల్లా ఏడాదికి ఒక తరగతి చొప్పున ఎక్కక్కర్లేదు, బతుకు నేర్పిన బుద్ధి ఉంది కాబట్టి రెండు మూడేళ్లలో ముగించగలరు అన్నది దాని వెనక లెక్క.

పథకాల మీద మరీ నమ్మకం పెట్టుకోకూడదని చెప్పడం కూడా ఈ అధ్యాయం పనే. ఉల్లాస్‌కు ముందు సాక్షర్ భారత్ ఉండేది. 2009 సెప్టెంబరు 8న, అంతర్జాతీయ అక్షరాస్యతా దినోత్సవం నాడు, మొదలైంది. పంచాయతీకి ఒక కేంద్రం, నెలకు రెండు వేల రూపాయల గౌరవ వేతనంతో దాన్ని నడిపే ప్రేరక్‌లు. 2018 మార్చి 31తో అది ఆగింది. ప్రేరక్‌లు ఇళ్లకు పోయారు, కేంద్రాల్లోని పుస్తకాలు బీరువాల్లో ఉండిపోయాయి, సగం నేర్చినవాళ్లు సగంలోనే నిలిచిపోయారు. నేర్చుకుంటున్న మనిషికి ఆ సంగతి ముందుగా చెప్పినవాళ్లు లేరు.

ఉల్లాస్‌కు మంజూరైన గడువు 2027 మార్చి దాకా. ఇంట్లో వేలిముద్ర వేసే మనిషి ఉంటే, ఈ వానాకాలం నాట్లు అయిన వారంలో ఊరి బడి హెడ్మాస్టరు దగ్గరికి తీసుకెళ్లి పేరు రాయించండి. వెళ్లేటప్పుడు ఆధార్‌తో పాటు తునికాకు కార్డు కూడా పట్టుకెళ్లండి.